‘తినండి’ అంటే మర్యాద తగ్గుతుందా?

సందేహం: మాది కరీంనగర్ జిల్లా. పెళ్ళయి అమలాపురం వచ్చాను. ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళకు వడ్డిస్తూ “తినండి, మొహమాటపడకండి” అన్నాను. వాళ్ళు వెళ్ళాక మా అత్తయ్యగారు “పెద్దవాళ్ళని తినండి అనకూడదమ్మా, పుచ్చుకోండి అనాలి” అన్నారు. ఇంకోరోజు “నాకు పచ్చిపులుసు తినబుద్ధి అయితాంది” అంటే ఇంట్లో అందరూ నవ్వారు. ముద్దుగానే నవ్వారు, కానీ నాకు అనుమానం మిగిలిపోయింది. ‘తిను’ మర్యాద లేని మాటా? ‘తినబుద్ధి అవడం’ తెలుగు కాదా?

సమాధానం: అమ్మా, రెండూ నిక్షేపమైన తెలుగే. మీ అత్తయ్యగారు చెప్పిన ‘పుచ్చుకోండి’ కూడా చక్కటి మాటే. అయితే అది మర్యాద కాబట్టి ఇది మోటు అనుకోనక్కర్లేదు.

‘తిను’ చాలా పాత ధాతువు. తమిళంలో ‘తిన్’, కన్నడంలో ‘తిన్ను’, మలయాళంలో ‘తిన్నుక’ దీని తోబుట్టువులే. ఇరుగుపొరుగున మాత్రం దీని స్థానం కాస్త కిందికి జరిగింది. తమిళులు మనిషి భోజనానికి ‘సాప్పిడు’ అంటారు. ‘తిన్’ చిరుతిళ్ళకో, కోపంలో అనే మాటకో మిగిలింది. కన్నడిగులు భోజనానికి ‘ఊట మాడు’ అంటారు, ‘తిన్ను’ ఎక్కువగా ఫలహారాల దగ్గర వాడతారు. తెలుగులో అలా జరగలేదు. మనకు అన్నం దగ్గర మొదటి క్రియ ఇప్పటికీ ఇదే. తల్లి బిడ్డకు గోరుముద్దలు ‘తినిపిస్తుంది’. “అన్నం తిన్నావా?” అని అమ్మ ఫోన్లో అడిగితే అందులో మోటుదనం ఎవరికీ వినిపించదు.

మరి కొందరి చెవికి అది ఎందుకు గుచ్చుకుంటుంది? ఈ క్రియ అన్నం దగ్గరే ఆగకుండా దెబ్బలు తినడం, లంచం తినడం, గడ్డి తినడం, బుర్ర తినడం దాకా వెళ్ళింది. ఆ సావాసంవల్ల, పెద్దవాళ్ళ విషయంలో దాన్ని తప్పించాలని కొన్ని ఇళ్ళలో అలవాటు పడింది. ఇంటి అలవాటుగా అది గౌరవించదగిందే. భాషలో తప్పొప్పులకు మాత్రం దాన్ని కొలతగా పెట్టుకోకూడదు. నిజంగా మోటు మాటలు వేరే ఉన్నాయి: మెక్కడం, బొక్కడం, మింగడం. ‘తినండి’ని తెచ్చి వాటి సరసన కూర్చోబెట్టడం అన్యాయం. పైగా మీరు ‘తిను’ అనలేదు, ‘తినండి’ అన్నారు. మన్నన ఆ ‘అండి’లో ఉంది. మీ పుట్టింటి వైపు ‘తినుండ్రి’ అన్నా అంతే.

ఇంకో సంగతి. కోనసీమ ఇళ్ళలో వచ్చినవాళ్ళను పంపకుండా ఆపేటప్పుడు అనే మాటేమిటి? “ఉన్నదేదో నాలుగు మెతుకులు తిని వెళ్ళండి.” అక్కడ ‘తిని’ అనే అంటారు, ఎవరూ నొచ్చుకోరు. కరీంనగర్‌లో “ఇంత తినిపోండ్రి” అన్నా ఇదే పద్ధతి. ఒకచోట ‘నాలుగు మెతుకులు’, ఇంకోచోట ‘ఇంత’. పెట్టేవాళ్ళు తాము పెట్టేదాన్ని తగ్గించి చెబుతున్నారు. మన్నన అంతా ఆ తగ్గింపులోనే పలుకుతోంది, క్రియ ఏదైతేనేం?

మాటల హోదా కాలంతోపాటు మారుతుంది కూడా. ‘కూడు’ అనే మాట చూడండి. ఇవాళ అతిథితో “కూడు తినండి” అంటే గొడవే. కానీ వేమన “భక్తి కలుగు కూడు పట్టెడైనను చాలు” అన్నప్పుడు ఆ కూడు ఆదరంతో పెట్టిన అన్నం, తక్కువ మాట కాదు. దాని జంట క్రియ ‘కుడుచు’. పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలకులను చద్దికి పిలుస్తూ “రండో బాలకులార! చల్ది గుడువన్” అంటాడు. ఎండలో వాడిపోయి ఆకలితో ఉన్న స్నేహితుల కోసం మంచి చోటు చూసి పిలిచే పిలుపు అది, అంతకంటే ఆత్మీయమైన ఆహ్వానం నాకు కనబడలేదు. ఆ కుడుచు ఇప్పుడు “తల్లిపాలు కుడిచి రొమ్ము గుద్దినట్టు” వంటి నానుడిలోనూ, కుడిచేటి చెయ్యి కాబట్టి ‘కుడిచెయ్యి’ అయిందని పెద్దలు చెప్పే మాటలోనూ మిగిలింది. ‘ఆరగించు’ దీనికి ఎదురు దారిలో వెళ్ళింది. అన్నమయ్య నరసింహస్వామిని “ఆరగించి కూచున్నాడల్లవాడె” అని పాడాడు. ఇవాళ గుడిలో స్వామివారి ఆరగింపు సహజంగా ఉంటుంది. ఇంటికొచ్చిన పక్కింటాయనను “ఆరగించండి” అంటే నాటకంలో సంభాషణలా వినిపిస్తుంది. గౌరవం పెంచిన కొద్దీ మర్యాద పెరుగుతుందనుకోవడం సరికాదు. ఆ చోటుకు తగినంతే ఉండాలి.

ఇక ‘పుచ్చుకోండి’. దీని అసలు అర్థం తినడం కాదు, స్వీకరించడం. తాంబూలం పుచ్చుకుంటాం, దక్షిణ పుచ్చుకుంటాం, దానం పుచ్చుకుంటాం. “కాఫీ పుచ్చుకోండి” అన్నప్పుడు, మేమిచ్చేదాన్ని మీరు స్వీకరిస్తే అది మీరు మాకు చేసే ఉపకారం అనే ధ్వని ఉంది. ఈ మాట ఇప్పుడు పెద్దవాళ్ళ నోట తప్ప అరుదుగా వినబడుతోంది, దాని జాగాలో ‘తీసుకోండి’ వచ్చింది. అందుకని మీ అత్తయ్యగారి దగ్గర దాన్ని నేర్చుకోమనే నా సలహా. మీ మాటను దిద్దుకోవడానికని కాదు, ఇంకో మాట మీ సొంతమవుతుందని. ఒక్క చిన్న జాగ్రత్త: కాఫీ, ఫలహారం, తాంబూలాల దగ్గర అది అందంగా అతుకుతుంది. విస్తట్లో అన్నం కలుపుకుంటున్న మనిషిని “పుచ్చుకోండి” అనడం కన్నా “నిదానంగా కానివ్వండి” అనడం ఎక్కువ సహజం.

ఈ ‘కానివ్వండి’ని పట్టుకుంటే మన తిండి మర్యాదల గుట్టు తెలుస్తుంది. తెలుగువాళ్ళు తినేవాడి మీద నుంచి చూపు తప్పించి, జరిగే పని మీదికి మళ్ళిస్తారు. “మీరు తిన్నారా?” అనడానికి బదులు “భోజనాలయ్యాయా?” అంటారు. వచ్చింది ఒక్కరైనా ‘భోజనాలు’ అని బహువచనం. ‘మీరు’ లేదు, ‘తినడం’ లేదు, భోజనాలనేవి అయ్యాయా లేదా అన్నదే ప్రశ్న. తినలేదని ఒప్పుకోవడంలో ఉండే చిన్న సిగ్గు కూడా లేకుండా “ఇంకా అవలేదండీ” అనేయవచ్చు. కన్నడిగుల “ఊట ఆయ్తా?” కూడా అచ్చం ఇదే నిర్మాణం. ఇంట్లో సరుకు లేకపోతే “బియ్యం లేవు” అనకుండా “నిండుకున్నాయి” అనడం కూడా ఈ కోవలోదే.

(ఈ మధ్య “భోజనం తిన్నారా” అని తరచు వింటున్నాను. ‘భోజనం’లోనే తినడం ఉంది, కాబట్టి భోజనం ‘చేస్తాం’, అన్నం ‘తింటాం’. ఈ తేడా మాత్రం పిల్లలకు చెప్పి తీరాలి.)

మీ రెండో సందేహానికీ జవాబు ఇక్కడే ఉంది. ‘తినబుద్ధి’లో ‘తిన’ అన్నది తినకూడదు, తినలేదు, తినబోయాడు అన్న మాటల్లో ఉన్నదే. దానికి ‘బుద్ధి’ చేరింది. మీ అత్తయ్యగారికి ఒంట్లో నలతగా ఉన్నప్పుడు ఏమంటారో గమనించండి. “ఏమీ తినబుద్ధి కావడం లేదు” అంటారు. గోదావరి జిల్లాల్లో, కృష్ణా గుంటూరుల్లో ఈ వ్యతిరేకరూపం రోజూ వాడే మాట. వెళ్ళబుద్ధి కాలేదు, చూడబుద్ధి కావడం లేదు, అన్నీ ఉన్నాయి. కోస్తాలో ‘కాదు’ వైపు ఎక్కువగా నిలిచిన మాటను తెలంగాణ రెండువైపులా నిలబెట్టుకుంది. తినబుద్ధి ‘కాకపోవడం’ తెలుగైనప్పుడు, ‘అవడం’ తెలుగు కాకుండా ఎలా పోతుంది? మీ ఇంట్లోవాళ్ళు నవ్వింది అలవాటు లేని వినికిడికే అయి ఉంటుంది.

పైగా అది నోటి కోరికను చెప్పడానికి ఎంత ఒద్దికైన మాటో చూడండి. ‘నేను కోరుతున్నాను’ అనడం లేదు, ‘నాకు’ తినబుద్ధి అవుతోంది. ఆకలి కూడా మనం చేసే పని కాదు, మనకు ‘వేస్తుంది’. మీ వైపు ‘ఆకలైతది’, దాహమైతే ‘దూప అయితది’. తినాలనిపిస్తుంది, తినాలని ఉంటుంది, నోరూరుతుంది, జిహ్వ లేచివస్తుంది, వేటిలోనూ తప్పు మన మీద పడదు. పుట్టింటి రుచి మీదికి మనసు పోవడం అనేది దానంతటది జరిగేది. అందులో కక్కుర్తి ఏమీ లేదు. కక్కుర్తి అంటే పదిమందిలో ఆబగా చెయ్యి చాచడం, ఆ మాటకు ఈ కోరికతో చుట్టరికం లేదు. మీ పచ్చిపులుసు చింతపండు పిసికి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి పొయ్యి మీద పెట్టకుండా చేసేది. గోదావరి ఇళ్ళలో కాల్చిన వంకాయతో చేసే పచ్చిపులుసు ఉంది. పేరు ఒకటే, రుచులు వేరు. రెండూ ఒకే పూట వడ్డించుకోండి.

వడ్డనలో నిజంగా తప్పించాల్సింది ఏదైనా ఉంటే చెప్పమంటే, నేను ‘తినండి’ని కాదు, ‘తింటారా?’ని చెబుతాను. గుమ్మంలోకి వచ్చిన మనిషిని “కాఫీ తాగుతారా?”, “భోంచేస్తారా?” అని అడిగితే, మొహమాటస్థుడు “అబ్బే, వద్దండీ” అనడం తప్ప ఏం చేస్తాడు? “కాఫీ కలుపుతున్నాను, పంచదార వెయ్యనా మానెయ్యనా?” అనండి, “వడ్డించేశాను, కాళ్ళు కడుక్కుని రండి” అనండి. వద్దనే అవసరం అతనికి రాదు. అలాగే మారు వడ్డించేటప్పుడు అతిథి ‘వద్దు’ అంటే ఒకసారి బతిమాలవచ్చు. చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అంటే ఆగిపోవాలి. ‘వద్దు’లో మొహమాటం ఉండవచ్చు. ‘చాలు’ అన్నవాడి కడుపు నిజంగా నిండింది.