‘చదివింది’ అని రాయకు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితో పంపిన వ్యాసమూ అందాయి. ఇంటి అటక మీద దొరికిన పాత సీడీ రైటర్‌ను బాగుచేయించి, కాపీ కాకుండా తాళం వేసిన ఆడియో డిస్కులను దానితో పరీక్షించాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. ఇరవై ఏళ్ల కిందట నాకు అన్నం పెట్టిన పని అదే. మీ మామయ్య జర్మనీ నుంచి తెచ్చిన డిస్కులు పారేయకుండా దాచినందుకు ఆయనకు నా నమస్కారాలు చెప్పు.

నీ వ్యాసం మూడో పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘ఈ డ్రైవ్ తాళం వేసిన డిస్కును చక్కగా చదివింది’ అన్నావు. చదవడమంటే ఏమిటమ్మా?

డిస్కు లోపలికి వెళ్లగానే దాని విషయసూచిక, అంటే టీఓసీ, చూసి అందులో ఎన్ని పాటలున్నాయో చెప్పడం ఒక పని. పాటను స్పీకర్‌లో వినిపించడం ఇంకో పని. అదే పాటను ఫైలుగా రిప్ చేయడం మూడోది. ఆ ఫైలును ఖాళీ సీడీ మీద బర్న్ చేశాక, ఆ సీడీ హాల్లో ఉన్న మామూలు ప్లేయర్‌లో పలకడం నాలుగోది. ఒకదాంట్లో నెగ్గిన డ్రైవ్ మరొకదాంట్లో బోర్లా పడటం నేను చాలాసార్లు చూశాను. నాలుగింటినీ ఒక్క ‘చదివింది’లో మూటకడితే, నువ్వు చూసింది ఏమిటో పాఠకుడికి ఎప్పటికీ తెలియదు. ఏది జరిగితే దాని క్రియ రాయి: గుర్తించింది, పలికింది, రిప్ చేసింది, బర్న్ చేసింది.

అసలు ఈ చిక్కు ఎక్కడ మొదలైందో తెలిస్తే మాటలు వాటంతట అవే సరిపడతాయి. ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఆడియో సీడీకి రాసుకున్న నియమావళి రెడ్ బుక్. కాపీని ఆపే తాళానికి అందులో చోటే లేదు. అందుకని తాళాలు తయారుచేసినవాళ్లు ఆ నియమాలనే వంచారు. కీ2ఆడియో, కాక్టస్ డేటా షీల్డ్ లాంటివి పాటల తరువాత రెండో సెషన్, అంటే మరో విడతగా రాసిన భాగం, ఒకటి పెట్టి, అందులో తప్పుడు విషయసూచిక ఇరికించాయి. హాల్లో ఉన్న ప్లేయర్‌కు రెండో సెషన్ ఉంటుందనే తెలియదు, మొదటిది చూసి హాయిగా పాడేస్తుంది. సీడీ రైటర్ విడతలు విడతలుగా రాయడానికే పుట్టింది కాబట్టి చివరి సెషన్ దాకా వెళ్లి వెతుకుతుంది, అక్కడే దారి తప్పుతుంది. ఖరీదైన యంత్రం తెల్లమొహం వేస్తే చవక ప్లేయర్ పాడుతూ ఉంటుంది. 2002లో ఫిలిప్స్ వారే ఇవి సీడీలు కావు, వీటి మీద కాంపాక్ట్ డిస్క్ ముద్ర వేయకూడదు అన్నారు.

నీ దగ్గరున్న సెలీన్ డియాన్ ఆల్బమ్ యూరప్ ముద్రణ 2002 నాటిది, కీ2ఆడియో తాళం వేసింది. దాన్ని కిటికీ దగ్గర వెలుగులో వంచి చూడు. మెరిసే వైపు, బయటి అంచుకు దగ్గరగా సన్నని వలయం కనిపిస్తుంది. రెండో సెషన్ మొదలయ్యేది అక్కడే. ఆ ఏడాది మే నెలలో ఎవరో ఆ అంచున నల్ల స్కెచ్ పెన్నుతో గీత గీస్తే తాళం ఊడిపోయిందన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. కోట్లు పోసి చేసిన తాళం, పదిరూపాయల పెన్ను! అదే డిస్కు కొన్ని ఐమాక్ కంప్యూటర్లలో ఇరుక్కుపోయి బయటికి రానని మొండికేసింది కూడా. ఇవి వ్యాసంలో పెట్టు, వలయం మాత్రం నీ కంటితో చూశాకే పెట్టు.

కాక్టస్‌లో ఇంకో చిత్రం ఉంది. సీడీలో ఒక్క సెకను పాట 75 సెక్టార్లుగా, ఒక్కో సెక్టార్ 2352 బైట్లుగా ఉంటుంది. దుమ్మూ గీతలూ తట్టుకోవడానికి ఆ బైట్లకు తోడుగా తప్పులు దిద్దే సంకేతాలు కూడా ఉంటాయి. కాక్టస్‌వాళ్లు కొన్నిచోట్ల కావాలనే దిద్దలేని తప్పులు పెట్టారు. ప్లేయర్ అక్కడికి రాగానే అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను, అంటే శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలను, చూసి మధ్యది ఊహించి పూడుస్తుంది, చెవికి తెలియదు. రిప్ చేసే డ్రైవ్‌లలో కొన్ని అలా పూడ్చకుండా ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తాయి. అప్పుడు పాటలో టిక్కు టిక్కుమని చప్పుడు. ఇక్కడో వింత ఉంది, ఎవరూ రాయరు: తప్పులు దిద్దే సంకేతాలను బర్నర్ తనంతట తానే కొత్తగా లెక్కకట్టి రాస్తుంది. అంటే కావాలని పెట్టిన ఆ దెబ్బలు కాపీలోకి రానే రావు. టిక్కులు లేకుండా రిప్ చేయగలిగితే, అసలు డిస్కు కన్నా నకలే ఆరోగ్యంగా ఉంటుంది.

మరో జాతి తాళాలకు డ్రైవ్‌తో పనే లేదు. 2003లో వచ్చిన మీడియామ్యాక్స్ సీడీ-3, డిస్కు పెట్టగానే విండోస్‌లోకి చొరబడి కాపలా కూర్చునే ప్రోగ్రాము. డిస్కు పెట్టేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కిపట్టుకుంటే అది లేవదని ప్రిన్స్‌టన్ విద్యార్థి అలెక్స్ హాల్డర్‌మన్ అదే ఏడాది రాశాడు. ఆ తాళం చేసిన కంపెనీ దావా వేస్తానని బెదిరించి వెనక్కి తగ్గింది. 2005 అక్టోబరు 31న కంప్యూటర్ నిపుణుడు మార్క్ రుసినోవిచ్ బయటపెట్టిన ఎక్స్‌సీపీ అనే తాళం ఇంకా ఘోరం, కంప్యూటర్‌లో తనను తాను దాచుకునేది. దాన్ని చేత్తో పీకేస్తే సీడీ డ్రైవే కనిపించకుండా పోయేది. పాపం, డ్రైవ్ చెడిపోయిందని ఎంతమంది అనుకున్నారో. కాబట్టి ఇలాంటి డిస్కును నీ పరీక్షా యంత్రంలో మామూలుగా పెట్టకు. ఒక్కసారి ఆ కాపలావాడు ఎక్కాడా, ఆ తరువాత నువ్వు రాసేదంతా డ్రైవ్ సమీక్ష కాదు, విండోస్ సమీక్ష.

ఇప్పుడు నా సిగ్గు కథ. ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీ దుకాణాలన్నీ తిరిగి తెచ్చుకున్న ఒక డ్రైవ్ మీద సమీక్ష రాశాను. తాళం డిస్కులో నాలుగో పాట దగ్గర అది వేగం పెంచుతూ తగ్గిస్తూ, లోపల కరకరమంటూ పదినిమిషాలు తంటాలు పడి ఆగిపోయింది. ‘తాళం ముందు తలవంచింది’ అని ముచ్చటైన వాక్యం రాసి అచ్చుకు పంపాను. వారం తిరిగాక ఒక పాఠకుడు అదే ఆల్బమ్ తనది పట్టుకుని వచ్చాడు. నా డ్రైవ్‌లోనే పెట్టాడు. పాటలన్నీ గడగడా రిప్ అయ్యాయి. నా డిస్కును ట్యూబ్‌లైటు కింద తిప్పి చూస్తే నాలుగో పాట మీద వెంట్రుకవాసి గీత. ఆయన ఏమీ అనలేదు, టీ తాగి వెళ్లాడు. ప్రాస కుదిరిందన్న సంబరంలో నేను డిస్కును తిప్పి కూడా చూడలేదన్నమాట.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. తాళం డిస్కు ముట్టుకోకముందు, శుభ్రమైన మామూలు ఆడియో సీడీ ఒకటి అదే డ్రైవ్‌లో, అదే వేగంతో రిప్ చేసి నిమిషాలు రాసుకునేవాణ్ని. అది లేకపోతే ‘ఆలస్యమైంది’ అన్న మాటకు అర్థం లేదు. తాళం డిస్కులో ఒక్కో పాటను రెండుసార్లు రిప్ చేసి రెండు ఫైళ్ల చెక్‌సమ్, అంటే ఫైలులోని బైట్లన్నిటి నుంచి లెక్కకట్టిన గుర్తు సంఖ్య, పోల్చేవాణ్ని. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాము ఈ పని తనే చేసిపెడుతుంది. రెండూ కలవకపోతే డ్రైవ్ ఊహిస్తోందని లెక్క. కలిసినా చెవితో వినాలి, రెండుసార్లూ ఒకే తప్పు చేసే డ్రైవ్‌లూ ఉన్నాయి. వేగం తగ్గించి మళ్లీ ఒకసారి. డ్రైవ్ మోడల్ పక్కన ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే ఉండి దాన్ని నడిపే ప్రోగ్రాము) సంఖ్య తప్పకుండా రాయి, అది మారితే అదే డ్రైవ్ వేరే మనిషిలా ప్రవర్తించవచ్చు.

నీ వ్యాసంలో రెండు డ్రైవ్‌ల ఫైళ్లు పోల్చి, చెక్‌సమ్ కలవలేదు కాబట్టి ఒకటి తప్పు అని తేల్చావు. ఆ పేరా కొట్టెయ్యి. ఒక్కో మోడల్ పాటను కొన్ని శాంపిళ్లు ముందుగానో వెనకగానో మొదలుపెడుతుంది. ప్లెక్స్‌టర్ కంపెనీ డ్రైవ్‌లలో చాలావాటిలో ఆ తేడా 30 శాంపిళ్లు. సెకనుకు 44,100 శాంపిళ్లలో 30 అంటే ఏ చెవికీ అందదు, చెక్‌సమ్ మాత్రం పూర్తిగా మారిపోతుంది.

ఇంకొక్క మాట, తొందరగా చెప్పేస్తాను. మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది, ఇలాంటి తాళాలు విప్పడం గురించే. నీ సొంత డిస్కులతోనే పని చెయ్యి, చట్టం తెలిసినవాళ్లకు వ్యాసం ఒకసారి చూపించు. యంత్రం ఏం చేసిందో చెప్పడం నీ పని, పాఠకుడికి తాళం విప్పే పద్ధతి రాసివ్వడం కాదు.

ఈ ఉత్తరంతో రెండు డిస్కులు పంపుతున్నాను. రెండూ ఒకే ఆల్బమ్, అట్టలు తీసేశాను. ఒకటి ఆ పాఠకుడు నా దగ్గరే వదిలి వెళ్లింది, రెండోది నా గీతల డిస్కు. ఇన్నేళ్లలో రెండింటికీ వేలిముద్రలు పడ్డాయి, తుడవలేదు. ఏది ఏదో నీ డ్రైవ్‌లో పెట్టి చూసి, ఏ పాట దగ్గర ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి పంపు. ‘చదివింది’ అన్న మాట వాడకుండా.

ఇట్లు,
మీ మాస్టారు