గుర్రాల కోసం, నిచ్చెనల కోసం కట్టిన ఇళ్లు

ప్రశ్న: అమెరికాలో ఒహాయో నది ఒడ్డున ఉన్న సిన్సినాటి నగరంలో పాత అగ్నిమాపక కేంద్రాలను చూశాను. పై అంతస్తు నుంచి కిందికి జారే స్తంభం, పక్కనే సన్నటి ఎత్తైన బురుజు ఎందుకు పెట్టారు? ఆ రోజుల్లో నిచ్చెనలను ఎవరు తయారుచేసేవారు?

జవాబు: అక్కడ చూసినవన్నీ అలంకారాలు కావు, పనిముట్లే. సిన్సినాటిలో 1853 జనవరి 1న ఆవిరితో నడిచే అగ్నిమాపక ఇంజనును పరీక్షించారు. లాటా, షాక్, గ్రీన్‌వుడ్ అనే ముగ్గురి కృషి ఫలితమది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి స్వచ్ఛంద దళాల స్థానంలో జీతం తీసుకునే సిబ్బంది వచ్చారు. అంతకుముందు పోటీ దళాలు మంటలార్పడం మాని వీధిలో తమలో తాము కొట్లాడుకున్న సందర్భాలున్నాయి కనుక, ఆ మార్పు ఎంత అవసరమో ఊహించవచ్చు.

బరువైన ఇంజన్లను లాగడానికి గుర్రాలు కావాలి కాబట్టి వాటిని కింది అంతస్తులోనే, బండి పక్కనే ఉంచేవారు. మేత, మనుషుల పడకలు పైన ఉండేవి. గంట మోగగానే మెట్లు దిగుతూ సమయం పోగొట్టుకోకుండా జారి దిగే స్తంభాన్ని షికాగో దళానికి చెందిన డేవిడ్ కెన్యన్ 1878లో ప్రవేశపెట్టారు. ఇక బురుజు, నీళ్లు చిమ్మే గొట్టాలను ఆరబెట్టేందుకు కట్టినది. నూలు గొట్టం తడిగా చుట్టి పెడితే కుళ్లిపోతుంది. అందుకే దాన్ని నిలువునా వేలాడదీసి, నీరంతా కారి, గాలికి ఆరేదాకా ఉంచేవారు. అవకాశం దొరికితే కోర్ట్ స్ట్రీట్‌లో 1906–07 ప్రాంతంలో కట్టిన కేంద్రంలోని మ్యూజియాన్ని తప్పక చూడండి. 1808 నాటి, మంటల గురించి ఊరిని హెచ్చరించిన పెద్ద డోలు అక్కడ ఉంది. నా దృష్టిలో అక్కడి ఇంజన్లన్నింటికంటే ఆ డోలే విలువైనది.

నిచ్చెనల విషయానికొస్తే, సీగ్రేవ్ సంస్థ చరిత్ర చెప్పుకోదగ్గది. డెట్రాయిట్‌లో పండ్ల తోటలకు నిచ్చెనలు చేసిన ఫ్రెడరిక్ సీగ్రేవ్‌ను అగ్నిమాపక దళాలు కూడా అడగడం మొదలుపెట్టాయి. ఆయన 1891లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కు మారారు. పలువురు కలిసి చేతులతో తిప్పి లేపాల్సిన పొడవైన నిచ్చెనను స్ప్రింగుల సాయంతో లేపే ఏర్పాటుతో ఆ సంస్థ పేరు తెచ్చుకుంది. అంత పొడవైన నిచ్చెనను మోసే బండి వీధి మలుపులో తిరగాలంటే వెనుక చక్రాలను తిప్పడానికి మరొకరు తోకభాగంలో కూర్చోవాల్సి వచ్చేది. అందుకే నిచ్చెన బండ్లుండే కేంద్రాల గది లోపలికి చాలా లోతుగా ఉండాల్సి వచ్చింది.

చేతితో మోసే కర్ర నిచ్చెనల్లో ఒక చక్కని నేర్పు కనిపిస్తుంది. ఒక్కో పక్కా ఒకే మందపాటి దూలంగా కాకుండా, రెండు సన్నని కర్రలను మధ్యలో దిమ్మలతో కలిపి చేసేవారు. బరువు తగ్గేది, గట్టితనం నిలిచేది. పొడి కర్ర విద్యుత్తును సులభంగా ప్రసరింపజేయదు. అల్యూమినియానికి ఆ గుణం లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో దళం ఇప్పటికీ తన కర్ర నిచ్చెనలను సొంత పనిశాలలోనే తయారుచేసుకుంటోంది. విద్యుత్ తీగల దగ్గర పనిచేసేవారికి నేడు ఫైబర్‌గ్లాస్ నిచ్చెనలు ఆ అవసరం తీరుస్తున్నాయి. అలాంటివి తయారుచేసే లూయివిల్ ల్యాడర్ సంస్థ 1946లో ఆరంభమైన లూయివిల్ నగరం, ఇదే ఒహాయో నదిపై సిన్సినాటికి దిగువన ఉంది.