రాత్రిపూట పొగకు లెక్క అడగవచ్చా?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. ఊరి పక్కనే ఆసుపత్రుల చెత్త కాల్చే ప్లాంటు ఉంది. పగలంతా బాగానే ఉంటుంది, రాత్రి పొద్దుపోయాక నల్లటి పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. మా అమ్మకు ఆయాసం. వెళ్లి అడిగితే, మూడు నెలల కింద చేయించిన టెస్టు రిపోర్టు చూపించి అంతా లిమిట్‌లోనే ఉందన్నారు. ఇక మేమేం చేయలేమా?

జవాబు: చేయగలరు. ఆ రిపోర్టు చూసి వెనక్కి తగ్గకండి. శాంపిల్ తీసిన ఆ కాసేపు పొగ ఎలా ఉందో మాత్రమే అది చెబుతుంది. మీకు కావలసింది పొగ కమ్మిన రాత్రుల రికార్డు.

2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం ఇన్సినరేటర్ (చెత్త కాల్చే కొలిమి) మొదటి ఛాంబర్‌లో కనీసం 800 డిగ్రీలు, రెండో దాంట్లో 50 అటూ ఇటూగా 1050 డిగ్రీల వేడి ఉండాలి. వేడి తగ్గితే చెత్త సగం సగం కాలి నల్లపొగ లేస్తుంది. దాంట్లో క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కూడా పడితే డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. అలాంటి ప్లాస్టిక్‌ను కాల్చడమే నిషేధం. డయాక్సిన్లకు పరీక్ష ఏడాదికి ఒక్కసారే. అందుకే నేను టెస్టు రిపోర్టు కంటే ఉష్ణోగ్రత రికార్డునే ఎక్కువ నమ్ముతాను. చిమ్నీకి ఆన్‌లైన్ మీటర్లు పెట్టి, ఆ రీడింగులను కాలుష్య నియంత్రణ మండలి సర్వర్‌కు పంపడం కూడా ప్లాంటు బాధ్యతే.

ఈ రోజే ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, టైము, గాలి ఎటు వీస్తోంది, పొగ రంగు రాయండి, ఫోన్‌లో వీడియో తీయండి. తెల్లగా లేచి కొద్దిసేపట్లో కరిగిపోయేది ఒట్టి నీటి ఆవిరి కావచ్చు, దాన్ని పట్టుకుని గొడవకు దిగితే మీ కేసే బలహీనపడుతుంది. అమ్మను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపిస్తే ఓపీ చీటీ పారేయకండి.

తర్వాత మండలి వరంగల్ ప్రాంతీయ కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "కాలుష్య వివరాలు ఇవ్వండి" అని రాస్తే పాత రిపోర్టే మళ్లీ చేతికొస్తుంది. ఇలా రాయండి: "ఫలానా తేదీ రాత్రి 10 నుంచి తెల్లవారి 5 వరకు రెండో ఛాంబర్ ఉష్ణోగ్రత, కార్బన్ మోనాక్సైడ్ రీడింగులు, మీటరు పనిచేయని సమయాలు ఇవ్వగలరు." ఆ చివరి మాట వదలకండి. మీరు పొగ చూసిన గంటల్లోనే మీటరు ఆగి ఉంటే, అంతకన్నా గట్టి ఆధారం ఉండదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు వేయండి. వ్యాపార రహస్యం అంటే ఒప్పుకోవద్దు, ప్రజల ఆరోగ్యం ముందు ఆ మినహాయింపు నిలవదని వాదించవచ్చు.

దాంతోపాటే మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. వాయు చట్టం 43వ సెక్షన్ కింద 60 రోజుల నోటీసు ఇచ్చి మీరే నేరుగా కోర్టుకు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు మీరు అడిగిన రిపోర్టులు మండలి ఇవ్వాలి.

పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చెన్నైలో ఉన్న బెంచ్ మన రాష్ట్రానిది కూడా. అక్కడ టైము ముఖ్యం. ప్లాంటుపై ఆదేశాలు కోరాలంటే సమస్య మొదలైన 6 నెలల్లోపు, నష్టపరిహారానికైతే 5 ఏళ్లలోపు వెళ్లాలి. సరైన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు. చూద్దాంలే అని రోజులు గడపకండి.

సమాచార హక్కు దరఖాస్తుకు సర్పంచ్ సంతకం, గ్రామసభ తీర్మానం ఏవీ అక్కర్లేదు, ఎందుకు అడుగుతున్నారో కూడా చెప్పనవసరం లేదు. మీ ఒక్కరి సంతకం చాలు.