హోమ్ లోన్‌కి ఏజెంటా, నేరుగా బ్రాంచా?
ఏజెంటుకి కమీషన్ ఇచ్చేది బ్యాంకే. మిమ్మల్ని విడిగా డబ్బడిగితే వదిలేయండి. ఒక ఏజెంటుని, మీ జీతం పడే బ్యాంకుని అడిగి, ఇద్దరి దగ్గరా లోన్ షరతులు, ఖర్చులన్నీ ఒకచోట చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తీసుకోండి. వడ్డీ రేటు కాదు, అందులోని ఏపీఆర్ (వడ్డీకి ఫీజులన్నీ కలిపి వేసిన ఏడాది ఖర్చు శాతం) పోల్చండి. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చు అక్కడ బయటపడతాయి.

ఇన్సూరెన్స్ ప్రీమియం లోన్‌లో కలిపేశారేమో తప్పకుండా చూడండి. 2 లక్షలు కలిపితే, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో 4 లక్షల పైనే కడతారు!

బ్యాంకుల ఫ్లోటింగ్ రేటు రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుతో పాటు మారాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు. అందుకే ఈ రెండింటిలో నా ఓటు బ్యాంకుకే.

30 నుంచి 75 లక్షల లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం వరకే వస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ లెక్కలోకి రాదు, విడిగా ఉంచుకోండి.