అందరూ కలిసి ఫుడ్ ఫారెస్ట్ పెంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: “మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం దగ్గర చిన్న ఊరు. ఊరి చివర అర ఎకరం దాకా ఉమ్మడి స్థలం ఖాళీగా పడి ఉంది. పన్నెండు కుటుంబాలం కలిసి అక్కడ పండ్లు, కూరలు, దుంపలు అన్నీ కలిపి ఫుడ్ ఫారెస్ట్‌లా పెంచాలనుకుంటున్నాం. మాలో ఎవరికీ అనుభవం లేదు. ముందు ట్రైనింగ్‌కి వెళ్లాలా, మొక్కలు కొనాలా? పంట వచ్చాక గొడవలు రాకుండా ఏం చేయాలి?”

జవాబు:

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి కాశీనగరం వెళ్లే వైపు. మా వీధిలోని తెలుగు కుటుంబాలు, రెండు మూడు ఒడియా కుటుంబాలు, కొండ కింద ఊరి సవర గిరిజనులు కలిసి ఇలాంటి తోటే కొన్నేళ్లుగా పెంచుతున్నాం. నాకు ఈ పనంటే ప్రాణం. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

“మాలో ఎవరికీ అనుభవం లేదు” అన్నారు. నేను ఒప్పుకోను. కంద ఎప్పుడు పాతాలో తెలిసిన అమ్మమ్మ మీ పన్నెండు ఇళ్లలో ఒకరైనా ఉంటారు. మునగ కొమ్మ నాటి బతికించినవాళ్లు ఉంటారు, బచ్చలి తీగని పందిరి ఎక్కించినవాళ్లు ఉంటారు. మీ చుట్టుపక్కల కొండల మీద సవరలు పోడులో కంది, జొన్న, సామ, అనప, గుమ్మడి కలిపి వేస్తారు. ఒకటి కోతకొచ్చేసరికి ఇంకొకటి పూత మీద ఉంటుంది. ఇప్ప, చింత, జీలుగు, పనస చెట్లని నరక్కుండా మధ్యలో అలాగే వదిలేస్తారు. ఇంగ్లండ్‌లో ష్రాప్‌షైర్ అనే చోట రాబర్ట్ హార్ట్ అనే ఆయన 12 సెంట్ల తోటలో పెద్ద చెట్టు, చిన్న చెట్టు, పొద, ఆకుకూర, దుంప, నేలమీద పాకేది, పైకెక్కే తీగ అని ఏడు అంచెలుగా పెంచి చూపించాడు. ఇప్పుడు అందరూ చెప్పుకునే ఏడంచెల లెక్క ఆయన వల్లే ప్రచారంలోకి వచ్చింది. ఆయన కూడా కేరళ పెరటి తోటల్ని గొప్పగా చెప్పినవాడే. మన అమ్మమ్మల పెరళ్లకీ ఆ తోటలకీ పెద్ద తేడా లేదు.

కాబట్టి మొక్కలు కొనకముందే ఒక సాయంత్రం అందరూ కూర్చోండి. చిన్నప్పుడు పెరట్లో, పొలం గట్టున, కొండ మీద ఏమేం తిన్నారో ఒక్కొక్కరూ చెప్పాలి, ఒకరు రాయాలి. మేం ఆ పుస్తకాన్ని తెలుగు లిపిలోనూ ఒడియా లిపిలోనూ రాస్తాం, సవర పేరు తెలిస్తే అదీ పక్కన రాస్తాం. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. రెండు లిపులూ ఉంటేనే ఆ పుస్తకం ఇంటిల్లిపాది చేతికీ వెళ్తుంది. జాబితా పూర్తయ్యాక చూడండి, అందులో ఎన్ని ఇప్పుడు సంతలో కూడా కనపడటం లేదో. మా వైపు కొండలు చాలావరకు జీడిమామిడి తోటలయ్యాక పెండలం రకాలు, కొండ చిక్కుళ్లు బాగా తగ్గిపోయాయి. వాటి విత్తు ఎవరింట్లో మిగిలి ఉందో వెతికి తెచ్చుకోవడంతోనే మా చదువు మొదలైంది.

ట్రైనింగ్ వద్దనను. జహీరాబాద్ దగ్గర బిడకన్నెలో అరణ్య సంస్థ పర్మాకల్చర్ (అడవిని చూసి నేర్చుకొని, ప్రకృతికి అనుగుణంగా తోటలు, పొలాలు పెంచే పద్ధతి) నేర్పుతుంది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశాలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు నిర్వహించింది వాళ్లే. మీ జిల్లాలోనే కేరండిగుడలో పర్యావరణ శాస్త్రవేత్త దేబల్ దేబ్ గారి బసుధ క్షేత్రం ఉంది. అక్కడ వెయ్యికి పైగా దేశీ వరి రకాలను ఏటా పండిస్తూ కాపాడుతున్నారు. అది వరికి సంబంధించినదే అయినా, విత్తనాన్ని ఎంత శ్రద్ధగా చూసుకోవాలో కళ్లారా తెలుస్తుంది. కానీ ఎక్కడికైనా సరే, ఒక్కరినే పంపకండి. ఒక్కరు నేర్చుకొని వస్తే ఆ మనిషే తోటకి సారు అయిపోతారు, మిగతావాళ్లు చెప్పిన పని చేసే కూలీలవుతారు. ఆ సారు ఊరు మారిన రోజున తోట ఆగిపోతుంది. మా పక్క ఊళ్లో సరిగ్గా అదే జరిగింది. ఇద్దరు ముగ్గురు వెళ్లాలి, అందులో ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. వచ్చిన వారంలోనే నేర్చుకున్నది స్థలంలో అందరిచేతా చేయించాలి. నా దృష్టిలో మీ ప్రశ్నకి అసలు జవాబు ఇదే. ప్రతి పనీ ప్రతి ఇంటికీ రావాలి.

ఇక స్థలం. భూలేఖ్‌లో (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్) ఆ స్థలం రికార్డు తీసి, కిసమ్, అంటే భూమి రకం, ఏమని రాసి ఉందో చూడండి. ‘గోచర్’ అని ఉంటే అది పశువుల మేతకు వదిలిన భూమి, అడవి కిసమ్ అయితే రూల్స్ వేరు. ఏదైనా పల్లీసభలో, అంటే ఊరి సభలో పెట్టి, తీర్మానం రాయించి, తహసీల్ ఆఫీసులో కనుక్కున్నాకే గోతి తవ్వండి. చెట్లు కాపుకొచ్చాక కాగితం కోసం తిరగడం చాలా టెన్షన్.

అర ఎకరం మొత్తం మొదటి ఏడే ముట్టుకోవద్దు. ఇంటికి దగ్గరగా, నీళ్లు అందే వైపు పది సెంట్లతో మొదలుపెట్టండి. స్థలం వాలుగా ఉంటే ముందు నీటిని ఆపాలి. దీనికి పరికరం మీరే చేసుకోవచ్చు. ఏడడుగుల కర్రలు రెండు తీసుకొని పైన కలిపి, కింద కాళ్లు విడదీసి కట్టండి, మధ్యలో ఒక అడ్డకర్ర. పైనుంచి దారానికి రాయి వేలాడదీయండి. చదునైన చోట నిలబెట్టి దారం అడ్డకర్రని ఎక్కడ తాకుతుందో గీత పెట్టండి, కాళ్లు అటూ ఇటూ మార్చి మళ్లీ చూసి సరిచేయండి. వాలు మీద దారం ఆ గీత దగ్గర నిలిచినప్పుడల్లా రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అక్కడ మేకు కొట్టి, ఒక కాలి చుట్టూ తిప్పుకుంటూ ముందుకెళ్లండి. ఆ మేకుల వరసలో కాలవ తీసి, తవ్విన మట్టిని దిగువ వైపు గట్టుగా వేస్తే వాన నీళ్లు పరుగెత్తకుండా అక్కడే ఇంకుతాయి. పిల్లలకి ఈ పని చాలా ఇష్టం, లెక్కల కంటే త్వరగా పట్టుకుంటారు.

మొదటి ఏడాది ఏం నాటాలి అన్నది అన్నిటికంటే ముఖ్యం. పనస గింజ పెడితే కాపుకి ఏడెనిమిదేళ్లు పడుతుంది. అంతకాలం ఖాళీ చేతులతో వారం వారం రమ్మంటే ఎవరొస్తారు? అందుకే మొదటి వానలకే బెండ, గోంగూర, అలసంద, గుమ్మడి, బొప్పాయి, మునగ, కంది వేయాలి. రెండు నెలల్లోపే ఆకుకూరలు కూరకొస్తాయి, ఏడాది తిరిగేసరికి బొప్పాయి కాయలు తెంపుతారు. కంది ఒక పక్క పప్పునిస్తూ, వేళ్లతో నేలకి నత్రజని ఇస్తూ, చిన్న మొక్కలకి నీడ పట్టి మూడు పనులు చేస్తుంది. గట్ల మీద గిరిపుష్పం, అవిసె నాటి, ఏటా కొమ్మలు నరికి మొక్కల చుట్టూ పరవండి. అదే మీ ఎరువు. అయితే ఆ ఆకుని మొదలుకి ఆనించకండి. మన ఎర్ర నేలల్లో చెద ఎక్కువ, ఆనిస్తే బెరడు తినేస్తుంది. జానెడు దూరం వదలాలి.

ఈ మధ్యలోనే పెద్ద చెట్లు పెట్టేయాలి. అర ఎకరానికి పనస, చింత, మామిడి కలిపి ఏడెనిమిది మించొద్దు, చెట్టుకీ చెట్టుకీ ముప్పై అడుగులు ఉండాలి. ఎక్కువ పెడితే పదేళ్లకి కింద ఏమీ పండదు. పనసకి తల్లివేరు త్వరగా దిగుతుంది, సంచిలో పెంచి మార్చడం కంటే గింజని ఉండాల్సిన చోటే పెట్టడం మేలు. గింజ ఎండితే మొలవదు, పండు తిన్న కొద్దిరోజుల్లోనే పెట్టాలి. కరివేపాకు గింజ కూడా అంతే. పెద్ద చెట్ల మధ్య సీతాఫలం, జామ, నిమ్మ, ఉసిరి. నీడ పడే చోట పసుపు, అల్లం, కంద, చామ. పసుపు, కంద నీడని బాగా ఓర్చుకుంటాయి, చెట్లు ఎదిగిన కొద్దీ వాటి విలువ పెరుగుతుంది. చెట్టు గట్టిపడ్డాక పెండలం తీగనీ మిరియం తీగనీ దాని మీదకి వదలండి. అడవి దుంపల్లో కొన్నిటికి విషం ఉంటుంది, కోసి ఉడికించి పారే నీళ్లలో ఉంచితే గానీ తినడానికి పనికిరావు. వాటిని తెలిసిన సవర పెద్దలు చేతితో చూపిస్తేనే ముట్టుకోండి, ఫోన్‌లో ఫొటో చూసి ఎప్పుడూ వద్దు.

మేకల బాధ మీకు తప్పదు. ముళ్లకంచె కొనే డబ్బు లేకపోతే వావిలి, అడ్డసరం కొమ్మలు దగ్గర దగ్గరగా గుచ్చండి. రెండిటినీ మేకలు ముట్టవు. వేళ్లూనేదాకా వెదురు దడి కట్టి, మేకలున్న ఇంటివాళ్లని కూడా తోటలో కలుపుకోండి. వాళ్లకి గిరిపుష్పం, అవిసె కొమ్మల్లో వాటా ఇస్తే కాపలా వాళ్లే ఉంటారు. మీ వైపు ఏనుగులు తిరిగే దారి ఉంటే మాత్రం పనస, అరటి ఇళ్లకి ఆనుకొని పెట్టకండి. పండిన వాసనకి వస్తాయి, దానివల్ల వచ్చే ప్రమాదం పంట నష్టంతో పోదు.

గాలి గురించి కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వెళ్లింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి ఎంత పోయిందో మీరూ చూసే ఉంటారు. అప్పుడు మా తోటలో పైకి ఎదిగిన బొప్పాయి, అరటి, మునగ పూర్తిగా పడిపోయాయి. నేలలో ఉన్న దుంపలన్నీ దక్కాయి. కరెంటు, రోడ్డు లేని ఆ రోజుల్లో తోట నుంచి వండుకున్నది కందా, చామా. అప్పటినుంచి మేం పండ్ల చెట్లని చిన్నప్పుడే తల తుంచి గుబురుగా, పొట్టిగా పెంచుతున్నాం, గాలి వచ్చే వైపు వెదురు పెట్టాం, దుంపల వాటా పెంచాం.

నేర్చుకోవడం ఎలా అంటే, వారానికి ఒక రోజు పెట్టుకోండి. మాది ఆదివారం పొద్దున్నే. ముందు పని మొదలుపెట్టం, అందరం తోటంతా ఒకసారి తిరుగుతాం. ఏ ఆకు ముడుచుకుంది, ఎక్కడ పురుగుంది, ఏ గట్టు తెగింది, ఎవరికి కనపడింది వాళ్లు చెబుతారు. ఆ తర్వాతే పనుల పంపకం. నర్సరీ, నీళ్లు, కొమ్మలు కోయడం, విత్తనం దాచడం నెలకోసారి చేతులు మారుతాయి, వదిలేవాళ్లు కొత్తవాళ్ల పక్కన ఒక వారం ఉండి నేర్పించి వదులుతారు. మా సవర పెద్దమ్మ ఒకరు ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు. పెండలం మొక్క ముందు కూర్చుని కన్ను ఎటువైపు పెట్టాలో చేసి చూపిస్తారు, మన చేత చేయిస్తారు, తప్పుగా పెడితే తీసి మళ్లీ మన చేతికే ఇస్తారు. ఏ ట్రైనింగ్‌లోనూ నేను ఇంత బాగా నేర్చుకోలేదు.

పంపకాల సంగతి నాటకముందే తేల్చుకోండి. అమెరికాలో సియాటిల్ నగరంలో 2012లో పని మొదలైన బీకన్ ఫుడ్ ఫారెస్ట్‌లో ఎవరైనా వచ్చి కోసుకోవచ్చు, పని చేసి తీరాలన్న షరతు లేదు. వినడానికి చాలా బాగుంటుంది. అక్కడ అది నడుస్తోంది, ఎందుకంటే ఆ తోట మీద ఎవరి రోజు తిండీ ఆధారపడి లేదు. మన దగ్గర పసుపు అమ్మితే ఒకరి బడి ఖర్చు వెళ్తుంది, అందుకని మేం రెండుగా విడదీశాం. ఆకుకూరలు, కరివేపాకు, జామకాయలు, దారిన పోయేవాళ్లు కోసుకునేవి అందరివీ. వాటికి లెక్క లేదు, పిల్లల్ని అదిలించడం అసలు లేదు. పసుపు, కంద, పనస, చింతపండు లాంటి డబ్బులొచ్చేవి అందరి ముందూ ఒకే రోజు తవ్వి, తూకం వేసి, వచ్చిన రోజుల లెక్క ప్రకారం పంచుతాం. విత్తనానికి ముందు తీసి పక్కన పెట్టాకే తూకం. ముసలివాళ్లు, బాలింతలు, ఒంట్లో బాగాలేనివాళ్లు రాలేకపోయినా వచ్చినట్టే రాస్తాం. ఆ హాజరు పుస్తకం ఎవరు అడిగినా చూపించాలి. మాకు మాటపట్టింపులు రాలేదని కాదు, వచ్చినప్పుడు పుస్తకం తీసి చూసుకోవడంతో సర్దుకున్నాయి.

ఎండలు ముదరకముందే పల్లీసభ పని చూసుకోండి. వైశాఖంలో గట్లు, గోతులు అయిపోవాలి, గోతుల్ని ఎండనిచ్చి, ఆ తర్వాత పేడ ఎరువు వేయాలి. కంద పిలకలు ఆ నెలలోనే పాతండి, తొలకరికి కంది, అలసంద చల్లండి. మా దగ్గర కంద పిలకలు, నల్ల అనప గింజలు, అడ్డసరం కొమ్మలు ఇవ్వడానికి ఉన్నాయి. డబ్బు అక్కర్లేదు, వచ్చే ఏడాది మీ పంట నుంచి అంతే విత్తనం ఇంకో ఊరికి ఇవ్వండి. గుణుపురం రైల్లో ఎవరైనా పర్లాకిమిడి వచ్చేవాళ్లుంటే ముందురోజు ఇక్కడ రాయండి, గోనెసంచిలో కట్టి స్టేషన్‌కి తెస్తాం.