వయొలిన్లలో పిట్టల కూతలు

ప్రశ్న: ప్రకృతి మీద ఆర్కెస్ట్రా సంగీతం వినాలనుంది. లాత్వియా వాళ్లది బాగుంటుందని మా ఫ్రెండ్ అంటోంది. దేంతో మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఫ్రెండ్ మాట నిజమే. ముందు అక్కడి స్వరకర్త పేటెరిస్ వాస్క్స్‌ని వినండి. 1946లో పుట్టిన ఈయన ఆర్కెస్ట్రాల్లో డబుల్ బాస్ వాయించినవారు, తీగవాద్యాల ఆనుపానులన్నీ తెలుసు. 1991 నాటి ‘గొంతులు’ సింఫనీలో వేణువు, బాకా, డప్పు ఏవీ లేవు, అన్నీ తీగలే. మొదటి భాగం మౌనంలోంచి నెమ్మదిగా పైకొస్తుంది, రెండో భాగంలోనేమో వయొలిన్లు పిట్టల్లా కూస్తాయి, ఒకటి అందుకోగానే ఇంకోటి బదులిస్తుంది, వింటుంటే ఒళ్లు పులకరిస్తుంది. ఆ ఏడాది జనవరిలోనే సోవియట్ బలగాలకు అడ్డంగా లాత్వియా రాజధాని రీగా జనం బారికేడ్లు కట్టారు, కాబట్టి నాకది ఉత్త ప్రకృతి వర్ణనలా అనిపించదు. తర్వాత 1997 నాటి వయొలిన్ కన్సర్టో (ఒక వయొలిన్ ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి సాగే రచన) ‘సుదూర కాంతి’ వినండి. హెడ్‌ఫోన్స్ మాత్రం తప్పనిసరి, మొదట్లో స్వరం చాలా సన్నగా ఉంటుంది.