ఓపెనింగ్ డే మీద ప్రేమకి 6,480 డాలర్లు పెట్టాలా తమ్ముడూ?

టెక్సాస్‌లో డాలస్ దగ్గరున్న ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడు రాశాడు, ముందు అతని గోల ఏంటో చెప్తా. "అన్నా, నాకు 34, హెచ్ వన్ బి, జీతం లక్షా పది వేల డాలర్లు, మా ఆవిడకి ఇంకా జాబ్ లేదు, ఐదేళ్ళ బాబు. వచ్చిన కొత్తలో బేస్‌బాల్ అంటే నిద్రొచ్చేది, 2023లో మా టెక్సాస్ టీమ్ రేంజర్స్ వరల్డ్ సిరీస్, అంటే సీజన్ చివరి ఫైనల్, కొట్టినప్పటి నుంచి పిచ్చి పట్టుకుంది. మార్చిలో ఓపెనింగ్ డే, అంటే సీజన్ మొదటి రోజు, వస్తోందంటే చాలు మనసు ఆగట్లేదు. ఈసారి ఫుల్ సీజన్ టికెట్లు తీసుకుందామని చూశా, రెండు సీట్లు, సీటుకి మ్యాచ్‌కి 40 చొప్పున 6,480 అయింది, నెలకి 540 కట్టుకోవచ్చు. సగం మ్యాచ్‌లు రీసేల్‌లో అమ్మేస్తే సగం రేటే పడుతుంది కదా? కార్డ్ మీద 4,800 ఉంది, 24 శాతం వడ్డీ, నెలకి 145 కడుతున్నా. 401కేలో, అదే రిటైర్మెంట్ అకౌంట్‌లో, జీతంలో 4 శాతం వేస్తున్నా, 6 దాకా నేనెంత వేస్తే కంపెనీ కూడా అంతే కలుపుతుంది. సేవింగ్స్‌లో రెండు నెలల ఖర్చు ఉంది. శుక్రవారం లోపు చెప్పాలి, మా ఆవిడేమో నీకు పిచ్చి అంటోంది."

తమ్ముడూ, పిచ్చే, కాదనను, కానీ అది నాక్కూడా ఉంది కాబట్టి నీ మీద పెద్దగా నవ్వలేను. 2024 మార్చి 28 మ్యాచ్ చూసే ఉంటావ్, ఛాంపియన్ బ్యానర్ ఎత్తిన రోజు, చికాగో కబ్స్‌తో మామూలు తొమ్మిది ఇన్నింగ్స్ దాటి పదో ఇన్నింగ్స్ దాకా లాగి 4-3తో గెలిచారు. 1972లో టెక్సాస్ వచ్చిన టీమ్‌కి 2023 దాకా ఒక్క టైటిల్ లేదు, 2011 వరల్డ్ సిరీస్‌లో సెయింట్ లూయిస్‌లో ఆరో గేమ్‌లో రెండుసార్లు టైటిల్‌కి ఒక్క స్ట్రైక్, అంటే ఒక్క బంతి, దూరం దాకా వచ్చి పోగొట్టుకున్నారు, అది చూసినోళ్ళకి ఆ బ్యానర్ పైకి పోతుంటే ఏమనిపిస్తుందో నేను లెక్కల్లో చెప్పలేను. ఇక ఓపెనింగ్ డే అంటే, రెండు టీమ్‌ల వాళ్ళూ ఫౌల్ లైన్ల మీద వరసగా నిలబడతారు, ఒక్కొక్కడి పేరు పిలుస్తుంటే టోపీ తీసి ఊపుతాడు, రెయిలింగ్ చుట్టూ ఎరుపు తెలుపు నీలం గుడ్డలు కడతారు, మన పెళ్ళి పందిరి టైపులో. దాదాపు ఏ టీమ్‌కీ అప్పటికి ఓటమి అన్నదే లేదు. పోయినేడు వంద మ్యాచ్‌లు ఓడినోడు కూడా ఆ రోజు ఈసారి మాదే అంటాడు.

నాకైతే అది అచ్చం ఉగాదే. డేట్లు కూడా దగ్గర దగ్గరే పడతాయి, 2025లో ఓపెనింగ్ డే మార్చి 27, ఉగాది మార్చి 30. ఉగాది రోజు పంచాంగంలో మన రాశికి ఆదాయం 5 వ్యయం 11 అని చదివినా అందరం నవ్వుకుని పులిహోర తినేసి లేస్తాం, ఆ రోజు మూడ్ అలాంటిది. మరి అదే మూడ్‌లో పన్నెండు నెలల కాంట్రాక్ట్ మీద సంతకం పెడతావా? నువ్వు అడుగుతున్నది ఇదే. మార్చిలో సంతకం పెట్టేది ఒక మనిషి, ఆగస్టులో మంగళవారం ఆఫీస్ కాల్ మధ్యలో వదిలేసి రేంజర్స్ గ్రౌండ్ ఉన్న ఆర్లింగ్టన్ బయల్దేరాల్సింది ఇంకో మనిషి, ఇద్దరి పేరూ నీదే, అంతే.

ఆ రెండో మనిషి లెక్క చూద్దాం. సీజన్‌లో 162 మ్యాచ్‌లు, సొంత గ్రౌండ్‌లో 81. ఫ్రిస్కో నుంచి ఆ గ్రౌండ్, గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి ఇంచుమించు 40 మైళ్ళు, రానూపోనూ 80. ఎనభైని 81తో కొడితే 6,480. టికెట్ డాలర్లూ అవే, మైళ్ళూ అవే, నేనేమీ కావాలని సెట్ చేయలేదు. బాల్‌పార్క్ దాకా ట్రైన్ లేదు కాబట్టి కార్ తప్పదు, పార్కింగ్ తప్పదు, టోల్ సంగతి నీకు నేను చెప్పాలా. 2023లో బంతి ఇన్ని సెకన్లలో వేయాలని పిచ్ క్లాక్ పెట్టాక మ్యాచ్ రెండు గంటల నలభై నిమిషాల్లో అయిపోతోంది కరెక్టే, కానీ డ్రైవింగ్ కలిపితే ఐదు గంటలు, ఒక్కోసారి వారం అంతా వరసగా ఇంటి మ్యాచ్‌లే ఉంటాయి. పైగా సీట్లు రెండు, మీరు ముగ్గురు. అంటే వారంలో ఎన్నిసార్లు ఎవరు ఇంట్లో ఉండిపోతారో మరదలు ఆల్రెడీ లెక్కేసుకునే ఉంటుంది, ఆ "పిచ్చి" మాట అక్కడి నుంచే వచ్చింది, నా అంచనా.

సగం అమ్మేస్తా అన్నావ్ చూడు, అందరూ అక్కడే బోర్లా పడతారు, నాతో సహా. కొన్నేళ్ళ కింద నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి ఒక ప్యాకేజీ పంచుకున్నా, యాంకీస్ లాంటి పెద్ద టీమ్ వచ్చిన మ్యాచ్‌లు ఎవరికి అని వాట్సాప్ గ్రూప్‌లో దాదాపు గొడవ అయింది, బుధవారం మ్యాచ్‌ల దగ్గరికి వచ్చేసరికి "ఎవరికైనా కావాలా, ఫ్రీ" అని పెడితే రెండు రోజులు బ్లూ టిక్‌లు తప్ప సౌండ్ లేదు. రీసేల్ అంటే అంతే. అందరికీ కావాల్సిన ఓపెనింగ్ డే, డాడ్జర్స్, యాంకీస్ టికెట్లు నువ్వు అమ్మవు, ఎందుకంటే నీకూ అవే కావాలి. అమ్మకానికి మిగిలేవి వీక్‌డే టికెట్లు, వాటికి మ్యాచ్ మొదలయ్యే టైమ్ దగ్గర పడేకొద్దీ రేటు జారిపోతుంటుంది, అమ్మితే సైట్ కమిషన్ వేరే. పోనీ లాభం వచ్చిందనుకో, ఆ లాభానికి ట్యాక్స్ కట్టాలి, నష్టమొస్తే మాత్రం సొంత వాడకానికి కొన్న వస్తువు కాబట్టి రిటర్న్‌లో చూపించి తగ్గించుకోవడం కుదరదు. ఇంకోటి, హెచ్ వన్ బి మీద ఉండి 40 మ్యాచ్‌లు ప్లాన్ ప్రకారం అమ్మడం అంటే అది అప్పుడప్పుడు అమ్ముకోవడమా, బిజినెస్సా అని ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ముందుకెళ్ళకు, నలభై డాలర్ల టికెట్ కోసం వీసా తలనొప్పి ఎందుకు.

వీసా అంటే గుర్తొచ్చింది, నాకు అన్నిటికన్నా భయం వేసింది నీ సేవింగ్స్ లైన్ చూసి. జాబ్ పోతే ఇంకో జాబ్ వెతుక్కోవడానికి ఈ దేశంలో నీకుండేది మహా అయితే 60 రోజుల గ్రేస్. రెండు నెలల ఖర్చు, రెండు నెలల టైమ్, మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు, అప్పుడు కూడా ఆ 540 వాయిదా నీ అకౌంట్‌లోంచి పోతూనే ఉంటుంది.

సరే, ఆ 540 నీ దగ్గర నెలనెలా ఉంది అంటున్నావ్ కదా, దాన్ని ఇలా విడగొడదాం. 401కేని 4 నుంచి 6 శాతానికి మార్చు, ఈరోజే, ఇది చదవడం ఆపేసి మార్చినా నాకేం ఫీల్ లేదు. కంపెనీ ఏటా 2,200 ఇస్తా అంటుంటే నువ్వు వద్దు అంటున్నావ్, ఇంత చదువుకుని ఇదేంటి తమ్ముడూ. ట్యాక్స్ పోకముందే కట్ అవుతుంది, టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా లేదు, కాబట్టి చేతికొచ్చే జీతంలో నెలకి 160 చిల్లర తగ్గుతుంది. తర్వాత కార్డ్. ఇప్పుడు ఏడాదికి 1,152 వడ్డీకే పోతోంది, అంటే ఏడాదికి 28 టికెట్లు బ్యాంకోడు చూస్తున్నాడు, నువ్వు కొనిపెడుతున్నావ్. 145కి ఇంకో 255 కలిపి నెలకి 400 కట్టు, కొత్తగా గీకకుండా ఉంటే 14 నెలల్లో తీరిపోతుంది, ఆ తర్వాత అదే 400 ఆటోమేటిగ్గా సేవింగ్స్‌కి వెళ్ళేలా పెట్టు, ఆరు నెలల ఖర్చు చేరేదాకా ముట్టుకోవద్దు.

మిగిలిన 125 నెలకి, అంటే ఏడాదికి 1,500, పూర్తిగా బేస్‌బాల్‌కి. దానికి వేరే సేవింగ్స్ అకౌంట్ తెరిచి ఓపెనింగ్ డే అని పేరు పెట్టుకో, అందులోంచి తీసేటప్పుడు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు, మరదలికి కూడా. ఓపెనింగ్ డేకి మూడు టికెట్లు కొను, రేటు ఎక్కువే ఉంటుంది, ఉండనీ, నువ్వు ప్రేమించేది ఆ రోజునే కదా. మిగతా సీజన్‌లో నాలుగైదు మ్యాచ్‌లు వీక్‌డే చూసుకుని అప్పటికప్పుడు కొను, ఇందాక మనం అమ్మలేక ఏడ్చిన టికెట్లే ఇప్పుడు మనకి చవగ్గా దొరుకుతాయి. 2025 మే నుంచి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన రేటే ముందు చూపించాలని రూల్ వచ్చింది, కాబట్టి చివరి పేజీలో గుండె ఆగే సీన్ కొంచెం తగ్గింది.

ఇంకా అసలు విషయం, నువ్వు ఫ్రిస్కోలో ఉండి ఆర్లింగ్టన్ గురించి అడుగుతున్నావేంటి? మీ ఊళ్ళోనే రఫ్‌రైడర్స్ ఉన్నారు, రేంజర్స్‌కి డబుల్ ఎ టీమ్, అంటే కుర్రాళ్ళు తయారయ్యే కింది లెవెల్ టీమ్, 69 ఇంటి మ్యాచ్‌లు, వాళ్ళకీ ఏప్రిల్ మొదట్లో ఓపెనింగ్ డే ఉంటుంది, అక్కడ గ్రౌండ్ చివర అవుట్‌ఫీల్డ్ వెనకాల నీళ్ళలో ట్యూబ్ మీద తేలుతూ మ్యాచ్ చూసే లేజీ రివర్ కూడా ఉంది. రేపు రేంజర్స్‌లో ఆడేవాళ్ళు ఇప్పుడు అక్కడే బస్సుల్లో తిరుగుతుంటారు, గాయం నుంచి కోలుకునే పెద్ద ప్లేయర్లు కూడా ఒక్కోసారి వచ్చి ఆడి పోతారు, టికెట్ రేట్లు కూడా మన చేతికి అందేవే. గ్లోబ్ లైఫ్‌లో ఉన్నది ప్లాస్టిక్ గడ్డి తమ్ముడూ, పైన రూఫ్ వేసి ఏసీ, సుఖమే, ఎండలో నేనూ అదే కోరుకుంటా, కానీ ఏప్రిల్ సాయంత్రం గాలి కావాలంటే ఫ్రిస్కోనే. బాబుకి నిద్రొస్తే ఏడో ఇన్నింగ్స్‌లో లేచి వచ్చేయొచ్చు, 40 మైళ్ళు వచ్చాం కదా అని బలవంతంగా కూర్చోబెట్టక్కర్లేదు.

శుక్రవారం లోపు టికెట్లవాళ్ళకి ఈసారి వద్దు అని ఒక్క లైన్ రాసెయ్, కారణాలు రాయకు, రాస్తే ఇంకో డిస్కౌంట్‌తో ఫోన్ చేస్తారు. కార్డ్ తీరిపోయి ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాక అప్పటికీ మనసు ఆగకపోతే మళ్ళీ రాయి, 20 మ్యాచ్‌ల ప్యాకేజీలో మూడు సీట్ల లెక్క కలిసి వేసుకుందాం.